మనవాడు పోలీసులకు దొరక్కుండా ఉండాలంటే

అమ్మకు నీ కొడుకు నమస్కరించి రాసేది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. కళ్ళమంట, మెడనొప్పి ఎప్పుడూ ఉండేవే కాబట్టి వాటిని జబ్బుల కింద లెక్కేయడం లేదు. అక్కడ నువ్వూ చెల్లీ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చదవకముందే నీ దస్తూరి చూసి తెలుసుకున్నాను. పోయిన నెల ఎడమచేత్తో రాసిన నీ అక్షరాలు ఒక్కొక్కటి ఒక్కో వైపు ఒరిగిపోయి ఉండేవి. ఈసారి అన్నీ లేచి నిలబడ్డాయి. ఆఖరి నాలుగు పంక్తులు కుడిచేత్తో రాశానన్నావు. వాటిని ఎన్నిసార్లు చదివానో చెప్పను.

పక్షవాతం తగిలిన వేళ్ళకు వ్యాయామం చేయించే ఆవిడ ఇచ్చిన రబ్బరు బంతిని నువ్వు మూడో రోజే మంచం కిందికి విసిరేశావని చెల్లి చెప్పింది. ముప్ఫై ఏళ్ళు రెయిన్‌కోట్లు కుట్టిన చేతికి బంతి ఇచ్చి ఆడుకోమంటే ఎలా అన్నావట. సరే ఏదో ఒకటి నొక్కితే చాలు కదా అని చెల్లి నా పాత వీడియో గేమ్ పెట్టె దించి, కంట్రోలర్ నీ చేతిలో పెడితే, నువ్వు మిగతావన్నీ పక్కన పడేసి ఈ దొంగల ఆటనే పట్టుకున్నావు. 'నా కొడుకు రోజంతా ఏం చేస్తాడో చూద్దామని' అని రాశావు.

ముందు ఒక మాట సరిదిద్దాలి. ఆ ఆటను నేను తయారు చేస్తున్నానని నీకు చెప్పాను. తయారు చేసేవాళ్ళు వేరే ఉన్నారు. నా పని అందులో తప్పులు వెతకడం. తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుంటే ఒకే గోడను నాలుగు వందల సార్లు గుద్దుతాను, మనిషి ఎక్కడైనా గోడలోంచి అవతలికి జారిపోతాడేమోనని. జారిపోతే రాసి పంపుతాను. వాళ్ళు సరిచేసి వెనక్కి పంపుతారు. మళ్ళీ నాలుగు వందల సార్లు. ఆట బయటికి వచ్చి రెండేళ్ళయినా దానికి ఏవో కొత్త హంగులు తగిలిస్తూనే ఉంటారు, మేము గుద్దుతూనే ఉంటాము. గదిలో నలభై మందిమి. తెరల మీద వెలుతురు పడకూడదని కిటికీలకు నల్ల అట్టలు అంటించారు. మధ్యాహ్నం బయటికి వస్తే వాన కురిసి వెలిసిన సంగతి రోడ్డు తడి చూసి తెలుస్తుంది. అందుకే నువ్వు ఆటలోని ఆ ఊళ్ళో నా చేతిపని ఎక్కడుందో వెతుక్కుంటే కనిపించదు. ఓడరేవులో మూడో స్తంభం దగ్గర నిలబడి చూడు. నేల కుంగకుండా గట్టిగా ఉంటుంది. అది నేను పట్టిన తప్పే.

ఇక నీ ప్రశ్నలు. ఆటలోని ఆ కుర్రవాడిని నువ్వు 'మనవాడు' అన్నావు కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

మనవాడు కారు మలుపు తిప్పిన ప్రతిసారీ దుకాణాల్లోకి దూసుకుపోతున్నాడన్నావు. కుడి చూపుడువేలితో నొక్కే మీట ఉంది చూడు, అది నీ కుట్టుమిషను పెడలు అనుకో. తిన్నని కుట్టుకు అదిమినట్టు కాలరు మలుపు దగ్గర అదమవు కదా. మలుపు ఇంకా దూరంగా ఉండగానే వేలు వదిలెయ్, బండి తిరిగాక మళ్ళీ మెల్లగా నొక్కు. వేలు ఇంకా మొద్దుబారినట్టే ఉంటే చెల్లిని సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ పనిని ఎడమ వేలికి మార్చమను. గురిచూడటం కూడా అక్కడే తేలిక చేసుకోవచ్చు. అది దొంగాట కాదు, అందుకే పెట్టారు.

ఊరు మొత్తం తిరగాలని మొదటి రోజే బయలుదేరవద్దు. సగం తలుపులు మొదట్లో తెరుచుకోవు. పటంలో పసుపురంగులో మెరిసే పనులు ఓ ఐదారు చేసెయ్యి. అప్పుడు షెడ్డు, బట్టల కొట్టు, మందుల షాపు ఒక్కొక్కటే తెరుస్తారు. ఆకుపచ్చ కారు పోయిందని దిగులుపడ్డావు. ఎవరూ ఎత్తుకుపోలేదమ్మా. రోడ్డు పక్కన వదిలేసి దూరం పోతే ఆట దాన్ని మరిచిపోతుంది. నచ్చిన బండిని షెడ్డులోనే పెట్టాలి. ఆట ఆపే ముందు మనవాడిని ఇంటికి తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టు. పడుకుంటేనే ఆ రోజు చేసినదంతా నిలబడుతుంది. నువ్వు టీవీ స్విచ్ కట్టేసి వెళ్ళిపోతున్నావట, అందుకే మర్నాడు మళ్ళీ మొదటికి వస్తోంది.

పోలీసుల సంగతి. తెర మూలన టోపీ గుర్తు ఒకటి వెలిగితే కంగారుపడకు. రోడ్డు మీద పరుగుపందెం పెట్టుకుంటే ఒక టోపీ నాలుగవుతుంది. వాళ్ళ కంట పడకుండా సందులోకి తిరిగి, కారు దిగి, గోడ పక్కన కదలకుండా నిలబడు. చొక్కా మార్చుకున్నా చాలు, పోల్చుకోలేరు. టోపీ వెలుగు తగ్గి తగ్గి ఆరిపోతుంది. అప్పటిదాకా ఆగగలగాలి. ఈ ఆటలో కొత్తవాళ్ళు ఓడిపోయేది చేతకాక కాదు, ఆగలేక. నీకు ఆ ఇబ్బంది లేదు. ఎర్రదీపం దగ్గర కూడా ఆగుతున్నావని, వెనకబండ్ల వాళ్ళు హారన్లు మోగిస్తున్నా కదలవని చెల్లి నవ్వుతూ చెప్పింది. ఎలాగూ నీకు వినబడవు కదా, మోగించుకోనీ. ఆ రెయిన్‌కోట్ల ఫ్యాక్టరీ మిషన్ల మోత నీ చెవులు పాడుచేసి, మనిద్దరికీ ఫోను లేకుండా చేసి ఉత్తరాలు మిగిల్చింది. ఆటలో మాత్రం అది కలిసొచ్చింది.

గోదాము కాపలాదారు ముసలాయనను కొట్టకుండా తాళాలు తీసుకోలేమా అని అడిగావు. ఆ ఒక్క చోట నాలుగు రోజులుగా ఆగిపోయావట. తీసుకోవచ్చు. పెట్టెల వెనక కూర్చుని ఆరు నిమిషాలు ఏమీ చేయకు. ఆయన లేచి, నడుం పట్టుకుని, గోడ అవతలికి వెళతాడు. తాళాలు బల్లమీదే వదిలేస్తాడు. ఎవరూ అంతసేపు కాచుకోరు కాబట్టి ఈ సంగతి ఎవరికీ తెలియదు.

నాకెలా తెలిసిందని నువ్వు తప్పక అడుగుతావు. అది చెప్పడానికే ఈ ఉత్తరం ఇంత నిదానంగా నడిపిస్తున్నాను.

నీ ఉత్తరం చివర, కుడిచేత్తో రాసిన ఆ నాలుగు పంక్తుల్లో, ఇలా ఉంది: 'నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు నీకు సెలవివ్వని ఆ ఆఫీసు పెద్దమనిషి ఈ ఆటలో ఎక్కడ తిరుగుతుంటాడో చెప్పు. కారుతో గుద్దుతాను. పోలీసులు వస్తే రానీ.'

చదివి నవ్వాను. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది.

సెలవు ఇచ్చారమ్మా. అడిగిన పది నిమిషాల్లో ఇచ్చారు. నువ్వన్న ఆ పెద్దమనిషే, మా టీమ్ లీడ్, కుర్చీలోంచి లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, నాలుగు రోజులు చాలకపోతే ఫోన్ చెయ్యమన్నాడు. సంచి సర్దుకుని బస్టాండుకు వెళ్ళాను, టికెట్ కూడా కొన్నాను. బస్సు రావడానికి ఇంకా పావుగంట ఉందనగా చెల్లికి ఫోన్ చేశాను. 'అన్నయ్యా, అమ్మ నన్ను చూసి ఎవరమ్మా నువ్వు అంది' అని ఏడ్చింది. బస్సు వచ్చింది. అందరూ ఎక్కారు. కండక్టరు నన్ను చూసి వస్తావా అని అడిగాడు. నేను లేచి వెనక్కి తిరిగి నేనుండే గదికి వచ్చేశాను.

నువ్వు నన్ను కూడా ఎవరని అడుగుతావేమోనని భయపడ్డాను. ఇంతకన్నా గొప్ప కారణం ఏదైనా ఉందేమోనని ఈ ఐదు నెలలుగా వెతుకుతున్నాను. లేదు.

ఆ నాలుగు రోజులూ ఫోన్ కట్టేసి, జీతం కోసం ఆడీ ఆడీ విసిగిపోయిన ఈ ఆటనే మళ్ళీ ఆడాను. ఏ పనీ చేయలేదు. మనవాడిని సిటీ బస్సు ఎక్కించి ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పాను. గోదాములో పెట్టెల వెనక కూర్చోబెట్టి, కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని, ఊరికే చూస్తూ ఉన్నాను. ముసలాయన లేచి వెళ్ళడం అప్పుడు చూశాను. నాలుగో రోజు ఫోన్ తెరిచి, సెలవు ఇవ్వలేదని చెల్లికి చెప్పాను. మర్నాడు నువ్వు అందరినీ గుర్తుపట్టావు. మొదట నన్నే అడిగావట. రాలేకపోయాడని చెబితే, 'పాపం, వాడికెంత పనో' అన్నావట.

మొన్నటిదాకా నాకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. పోయిన ఆదివారం చెల్లితో మాట్లాడుతూ అలవాటుకొద్దీ ఆఫీసును తిట్టాను, మనుషులు కారు, తల్లి ఆసుపత్రిలో ఉన్నా సెలవివ్వని రకాలు అన్నాను. అది నన్ను మధ్యలోనే ఆపింది.

"అన్నయ్యా, నువ్వు సెలవు మీద బయలుదేరావని నాకు తెలుసు" అంది.

ఎలా తెలుసని అడిగాను. నా ఫోన్ ఎంతకీ కలవకపోతే రెండో రోజు ఆఫీసుకు ఫోన్ చేసిందట. మీ అమ్మగారిని చూడటానికి నిన్ననే బయలుదేరాడు కదా అన్నారట వాళ్ళు. నిన్ను నర్సుకు అప్పజెప్పి అది బస్టాండుకు వెళ్ళి రెండు బస్సులు చూసిందట. దారిలో నాకేమైనా జరిగిందేమోనని పోలీస్ స్టేషన్‌కు కూడా వెళ్ళిందట. ఒకవైపు నువ్వు అలా పడి ఉండగా, మరోవైపు నా కోసం. ఆ తర్వాత నేను ఫోన్ చేసి అబద్ధం చెబితే, సరేలే అన్నయ్యా అని పెట్టేసింది. బతికి ఉన్నానని తెలిసి అప్పుడు ఏడ్చిందట.

ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదన్నాను.

"అడిగితే ఇంకో అబద్ధం చెబుతావని. అమ్మకు నేను చెప్పను, చెబితే నువ్వే చెప్పు. కానీ ఇంకోసారి నా ముందు ఆఫీసును తిట్టకు. ఆ రోజు నేను పనిచేసే మందుల షాపులో నాకు సెలవివ్వలేదు. అయినా వెళ్ళాను."

చెల్లి వేరే షాపు కౌంటరుకు మారిందని మాత్రమే నాకు తెలుసు. అందుకే పాత షాపు వాళ్ళు తీసేశారని నాకు చెప్పలేదు. నీకు కూడా చెప్పి ఉండదు. అది చెప్పకుండా దాచింది నీ కోసం, నేను దాచింది నా కోసం.

సోమవారం మా టీమ్ లీడ్ దగ్గరికి వెళ్ళి పది రోజులు సెలవు కావాలన్నాను. మీ అమ్మగారికి మళ్ళీ బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉంది, అప్పుడు నేను వెళ్ళలేదు, ఇప్పుడు వెళతాను అన్నాను. ఆయన నా సెలవు కాగితం మీద సంతకం పెట్టాడు. కాబట్టి అమ్మా, ఆటలో ఆయనను వెతకవద్దు. మంచివాడు.

ఈ ఉత్తరం నీకు గురువారం చేరుతుంది. శనివారం మధ్యాహ్నం బస్సులో నేను వస్తాను. ఉత్తరం నాకన్నా ముందు చేరాలనే తపాలాలో వేస్తున్నాను. ఎదురుగా నిలబడి ఇదంతా చెప్పగలిగే ధైర్యం ఉంటే ఆ రోజే వచ్చేవాడిని. చెల్లిని ఏమీ అనకు. దానికి సాయంగా పనిమనిషిని పెట్టాల్సిన అవసరం ఈ పది రోజులు లేదు, నీ మందులు, వేళ్ళ వ్యాయామం నేను చూసుకుంటాను. అది కాస్త నిద్రపోనీ.

నీకు మాట ఇంకా తడబడుతోందని, ఒక్కో మాట కూడబలుక్కుని అంటున్నావని తెలుసు. నన్ను తిట్టడానికి నీకు చాలా మాటలు కావాలి. తొందరపడకు. నిదానంగా, రోజుకు కొంచెం తిట్టు. నేను ఎక్కడికీ వెళ్ళను.

ఇట్లు,
ఐదు నెలలు ఆలస్యంగా బయలుదేరుతున్న
నీ కొడుకు