పైకి తేలిన కొలను

ప్రియమైన అక్కకి,

ఫోన్ చేస్తే "ఊ" అనడం తప్ప నా నోట్లోంచి ఇంకో మాట రాదని, ఇకమీదట ఉత్తరమే రాయాలని హుకుం జారీ చేశావు కాబట్టి రాస్తున్నాను. నా అక్షరాలు చూసి నవ్వకు. పొద్దస్తమానం నీళ్ళలో నానే చేతులు ఇంతకంటే గుండ్రంగా రాయలేవు.

మేం బాగున్నాం. నీ మరదలు నిన్ను అడిగానని రాయమంది. ఇక్కడ వానలు పట్టుకున్నాయి, వదిలేలా లేవు. క్లబ్బు వెనక నేలంతా నానిపోయి, అడుగేస్తే చెప్పు ఊడి అక్కడే ఉండిపోతోంది. నా దగ్గర ఈత నేర్చుకునే పిల్లలు ఎటూ రావడం లేదు. అసలు సంగతేమిటంటే, కొలనులో లోతు వైపు గోడకి, బాగా అడుగున, ఒక పగులు కనిపించింది. మొదట వెంట్రుకంత ఉండేది, ఇప్పుడు గోరు దూరుతోంది. సెక్రటరీగారు ఊళ్ళో లేరు. తిరిగి వచ్చేదాకా కొలను బాధ్యత నాదే అని చెప్పి వెళ్ళారు. నాకేమో గుండెల్లో రాయి పడింది.

నీళ్ళు అలాగే ఉంచితే గోడ పోతుందా? తీసేస్తే మంచిదా? నువ్వు పిల్లలకి చెప్పే పాఠాల్లో ఇలాంటిది ఉండే ఉంటుంది. ఆ పాఠం జరిగిన రోజు నేను బడి ఎగ్గొట్టి ఏ కాలవలోనో ఉండి ఉంటాను.

గొట్టాల మామయ్య గుర్తున్నాడా? కిందటిసారి నువ్వొచ్చినప్పుడు తడిసిన నీ చెప్పులు పంపు గదిలో ఆరబెట్టి ఇచ్చాడే, ఆయనే. భుజాన గొట్టం లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరని పిల్లలు ఆ పేరు పెట్టారు. నేనెలా చెప్తే అలా చేయడానికి సిద్ధంగా ఉన్నాడు. నువ్వెలా చెప్తే నేనలా చెప్తాను. ఆలస్యం చెయ్యకుండా రాయి.

నీ కప్ప

* * *

ప్రియమైన కప్పకి,

ఇన్నేళ్ళకి నా దగ్గర పాఠం చెప్పించుకోవాలని నీకు బుద్ధి పుట్టిందంటే వానలు పడక ఏం చేస్తాయి.

విను. నీళ్ళు కిందికే నెడతాయని అనుకుంటారు అందరూ. పక్కలకి కూడా అంతే గట్టిగా నెడతాయి. ఎంత లోతుకి పోతే ఒత్తిడి అంత ఎక్కువ. నువ్వు అడుక్కి మునిగినప్పుడు చెవులు నొక్కేసినట్టు ఉంటుందని చెప్తావు చూడు, అదే. కొలను ఎంత వెడల్పు, ఎన్ని నీళ్ళు పట్టాయి అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. సన్నటి గొట్టంలో అంతే ఎత్తుకి నీళ్ళు నింపినా అడుగున అంతే ఒత్తిడి ఉంటుంది. ఏటా ఒక పిల్ల లేచి "నీళ్ళు తక్కువ కదా టీచర్, అదెలా?" అని అడుగుతుంది. నేను ఒక డబ్బాకి పైన, మధ్యన, కింద చిల్లులు పెట్టి నీళ్ళు పోస్తాను. కింది చిల్లులోంచి వచ్చే ధార అన్నిటికంటే జోరుగా చిమ్మి ముందు బెంచీ వాళ్ళని తడుపుతుంది. అక్కడితో ఆ పిల్ల కూర్చుంటుంది.

నీ పగులు ఉన్నది ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువగా ఉండే చోటే. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు. నీళ్ళు తోడించెయ్యి. లోపలి నుంచి నెట్టేది లేకపోతే గోడ ఊపిరి పీల్చుకుంటుంది. మా మరదల్ని అడిగానని చెప్పు. నువ్వు తల తుడుచుకోకుండా తిరక్కు.

మీ అక్క

* * *

ప్రియమైన అక్కకి,

నువ్వు చెప్పినట్టే ఖాళీ చేయించాను. ప్రస్తుతం కొలను మూసేశారు, మరమ్మతులు ఉన్నాయి. నాకు ఆఫీసులో పని ఇచ్చారు. గొట్టాల మామయ్య ఇప్పుడు ఇక్కడ పని చేయడం లేదు. వానలు తగ్గాయి. అందరం క్షేమం.

నీ కప్ప

* * *

ప్రియమైన కప్పకి,

నీ ఉత్తరం చదవడానికి పట్టిన సమయం కంటే కవరు చింపడానికి పట్టిన సమయం ఎక్కువ. నువ్వు ఇంత పొదుపుగా మాట్లాడావంటే ఏదో పగలగొట్టావని అర్థం. చిన్నప్పుడు పక్కింటి కిటికీ అద్దం పగలగొట్టి వచ్చి, అడక్కుండానే పుస్తకం ముందేసుకు కూర్చున్నావు. అమ్మకి ఆ పుస్తకం చూసే అనుమానం వచ్చింది. చివరికి నేనే పగలగొట్టానని చెప్పి నీ వంతు తిట్లు కూడా నేనే తిన్నాను. నీకు గుర్తుండదులే, తిన్నది నేను కదా.

గోడ ఎలా ఉందో రాయలేదు. పగులు ఆగిందా, పెరిగిందా? అంత పనిమంతుడు పని ఎందుకు మానేశాడు? ఆయనంతట ఆయనే మానేశాడా, మాన్పించారా? నువ్వు రాసిన వాక్యం చూస్తే ఏదీ తెలియడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాయి. నేనేమీ నీ చేత గోడకుర్చీ వేయించను.

మీ అక్క

* * *

ప్రియమైన అక్కకి,

నీ దగ్గర దాచి లాభం లేదు. కొలను పైకి లేచింది.

నేనూ నమ్మలేదు. నీళ్ళు తోడేశాక కూడా వాన ఆగలేదు. ఒక పొద్దున వెళ్ళి చూస్తే లోతు వైపు అంచు పక్కనున్న గచ్చు కంటే జానెడు పైన ఉంది. నిచ్చెన వంకర పోయింది. పైపులు తెగాయి. అడుగు ఇటు నుంచి అటు చీలి, ఆ చీలికలోంచి మట్టినీళ్ళు ఊరుతున్నాయి. అంత కాంక్రీటు తొట్టి ఎలా లేచిందో నాకు అంతుపట్టలేదు. భూకంపం ఏమైనా వచ్చిందా అని ఎదురింటివాళ్ళని అడిగాను. వాళ్ళు నన్ను ఎగాదిగా చూశారు.

సెక్రటరీగారు పరుగున వచ్చారు. కూడా ఒక ఇంజినీరు. వానల్లో ఖాళీ చేయడం వల్లే ఇలా అయిందని ఆయన తేల్చేశాడు. ఎందుకో కూడా చెప్పాడు గానీ నా చెవికి ఎక్కితేగా. తరవాత అందర్నీ ఆఫీసు గదిలోకి పిలిచారు. నీళ్ళు తోడింది ఎవరని సెక్రటరీగారు అడిగితే, నేనేనండి అన్నాడు మామయ్య. 

"ఎవరు తోడమన్నారు?"

మామయ్య నావైపు చూశాడు. ఒక్కసారే చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. బయట చూడటానికి ఏమీ లేదు, సైకిళ్ళు ఉన్నాయంతే. ఆయన నోరు మెదపలేదు. సెక్రటరీగారు మళ్ళీ అడిగారు. మళ్ళీ అంతే. సరే, ఎవరినీ అడక్కుండా నీ ఇష్టమొచ్చినట్టు చేశావన్నమాట అని, ఆ రోజుతోనే పని లేదనేశారు. మామయ్య పంపు గదికి వెళ్ళి గొట్టం మేకుకి తగిలించి, తాళాలు తెచ్చి ఇచ్చాడు. నా చేతికే ఇచ్చాడక్కా.

నేనెందుకు చెప్పలేదంటావు. నా పేరు చెప్తే నీకెవరు చెప్పారంటారు. అప్పుడు నీ పేరు చెప్పాలి. ఇన్నేళ్ళుగా ఆ పాఠమే చెప్తున్న టీచరు సలహాతోనే కొలను పగిలిందని నలుగురూ అనుకోవడం నాకిష్టం లేకపోయింది. అందుకే ఊరుకున్నాను. ఇప్పుడు చూస్తే క్లబ్బులో ప్రతివాడూ మామయ్యని ఒక మాట అంటున్నాడు. ముసలాడికి మతి పోయిందని ఒకడు, తాగి తోడాడని ఒకడు. ఆయన టీ కూడా చక్కెర లేకుండా తాగే మనిషి. నేను విని తల దించుకుని కాగితాలు సర్దుకుంటున్నాను. అన్నం సహించడం లేదు. ఏం చెయ్యమంటావో చెప్పు.

నీ కప్ప

* * *

ప్రియమైన తమ్ముడికి,

"జానెడు పైన ఉంది" అన్న చోటే ఆగిపోయాను. తరవాతది చదవడానికి చాలాసేపు పట్టింది.

వంటింట్లోకి వెళ్ళి బకెట్లో నీళ్ళు పట్టి, ఖాళీ గిన్నెని అంచు దాకా నొక్కి పట్టుకుని వదిలేశాను. లేచింది. లేస్తుందని తెలుసు, అయినా చేసి చూశాను. తరవాత దాన్ని నీళ్ళతో నింపి వదిలితే లేవలేదు. నీ కొలనుకి జరిగింది ఇదే. వానకి నేల నిండా నీళ్ళు చేరాయి. కొలను ఆ నీళ్ళలో కూర్చున్న గిన్నె. అది ఎంత నీటి చోటు ఆక్రమించిందో అంత నీటి బరువుతో సమానంగా కింద నుంచి పైకి తోపు ఉంటుంది. లోపల నీళ్ళున్నంత కాలం ఆ బరువే దాన్ని అదిమిపెట్టి ఉంచింది. ఆ బరువు మనం తీసేశాం. పైగా బయటి నీళ్ళు గోడని లోపలికి నెడుతుంటే, ఎదురు నెట్టే లోపలి నీళ్ళని కూడా తీసేశాం.

నేలంతా నానిపోయిందని నువ్వు రాశావు. నేను చదివాను కూడా. లోపలి నీళ్ళ గురించి అంత పాఠం చెప్పి, గోడకి అవతలి నీళ్ళ సంగతి తలుచుకోలేదు. ఒత్తిడి పాఠం అయిపోగానే పేజీ తిప్పితే వచ్చేది పైకి నెట్టే బలం గురించే. ఈ వారం క్లాసులో అదే వచ్చింది. పిల్లల చేత చదివించి కుర్చీలో కూర్చున్నాను. ఒంట్లో బాలేదా టీచర్ అని అడిగారు. అవునన్నాను. నా చెప్పులు ఆరబెట్టి ఇచ్చిన మనిషిని నా తెలివితేటలే వీధిన పడేశాయి.

నువ్వేమీ దిగులు పడకు. నువ్వేమీ చెయ్యనక్కర్లేదు కూడా. సెక్రటరీగారికి నేనే ఉత్తరం రాసి పోస్టు చేశాను. సలహా నాదని, నా తమ్ముడు చిన్నప్పటి నుంచీ నా మాట జవదాటడని, పెద్దాయనకి ఇందులో ఏ పాపమూ తెలియదని, తప్పంతా నాదేనని రాశాను. ఆయన్ని వెనక్కి పిలవమని బతిమాలాను. నీమీదికి ఏమీ రాదు. కడుపు నిండా తిను.

మీ అక్క

* * *

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం పనిచేసింది. సెక్రటరీగారు దాన్ని అందరి ముందూ చదివారు. మధ్యలో ఆగి కళ్ళజోడు తుడుచుకున్నారు. ఇలాంటి అక్క ఎంతమందికి ఉంటుందని నా భుజం తట్టారు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేను మళ్ళీ కిటికీ వైపే చూశాను. ఆ రోజే మామయ్యకి కబురు పంపారు. ఆయన రానన్నాడు.

రెండోసారి పంపినా అదే జవాబు. దాంతో నేనే వెళ్ళాను. మేడమీద ఒంటి గది. ఇస్త్రీ పని ఒప్పుకున్నాడట, గది నిండా ఊరందరి చొక్కాలూ వేలాడుతున్నాయి. ఆయన భార్య కుర్చీ మీది బట్టల దొంతర మంచం మీదికి మార్చి కూర్చోమంది, టీ పెట్టడానికి లేచింది. మామయ్య ముందు నీ క్షేమం అడిగాడు. కొలను ఎంతవరకు వచ్చిందని అడిగాడు. అడుగున ఒక తూము పెడుతున్నారని, నేలలో నీళ్ళు ఎక్కువైతే అందులోంచి లోపలికి వచ్చేస్తాయని, ఇక లేవదని చెప్పాను. మంచిదే అన్నాడు. ఇస్త్రీ మాత్రం ఆపలేదు.

ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదు మామయ్యా అని అడిగాను.

"మీరు చెప్తారని ఆగాను మాస్టారూ. మీరక్కడే ఉన్నారు కదా. మీరుండగా నేను చెప్తే చాడీ అవుతుంది."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా కొంత బాగుండేది. టీచరమ్మ మంచి మనసుతో రాశారు గానీ, ఆమె తనకేమీ చెప్పలేదని, తోడమన్నది ఆమె కాదని అన్నాడు. ఎక్కడో ఉన్న ఆవిడ దయతలచి ఉత్తరం రాస్తే తనని వెనక్కి తీసుకున్నారనే అంటారు, ముసలాడు అడక్కుండా తోడాడన్న మాట అలాగే ఉంటుంది అన్నాడు. అంటూ ఒక చొక్కా కాలరు తిప్పి మళ్ళీ మొదటి నుంచీ రుద్దాడు. నేను టీ తాగకుండానే లేచాను. ఆయన భార్య గుమ్మం దాకా వచ్చింది.

మర్నాడు సెక్రటరీగారి గదికి వెళ్ళి, ఆ రోజు ఉన్నవాళ్ళందర్నీ పిలవమన్నాను. మామయ్యని కూడా బతిమాలి తీసుకెళ్ళాను. సెక్రటరీగారు, ఆ సంగతి మీ అక్కగారు రాశారు కదా, అయిపోయింది కదా అన్నారు.

"సలహా మా అక్కది సార్. తోడమని చెప్పింది నేను. ఎవరు తోడమన్నారని మీరడిగినప్పుడు, ఎదురుగా ఉండి నోరు మూసుకున్నదీ నేనే."

ఇంతే చెప్పాను. సెక్రటరీగారు నావైపు చూసిన చూపులో నీ ఉత్తరం చదివిన నాటి మెత్తదనం లేదు. ఆయన లేచి మామయ్య దగ్గరికి వెళ్ళి, అన్న మాటకి క్షమించమన్నారు. మామయ్య సోమవారం నుంచి పనిలోకి వస్తున్నాడు. ఇస్త్రీకి ఒప్పుకున్న బట్టలు ఇచ్చేసి వస్తానన్నాడు. నా సంగతి కమిటీ తేలుస్తుందట. కొలను మళ్ళీ తెరిచినా పిల్లల్ని నా చేతిలో పెడతారో లేదో తెలియదు. నీ మరదలు మాత్రం కంచంలో అన్నం ఎక్కువ వడ్డించింది.

నీమీద కోపంగా కూడా ఉందక్కా. నేను మాట్లాడాల్సిన మాట నాకంటే ముందు నువ్వు మాట్లాడేశావు. నీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నాకు హాయిగా ఉంది, నిజం. గండం గడిచిందనుకున్నాను. మామయ్య రానని మొండికెయ్యకపోతే నేను జన్మలో నోరు తెరిచేవాణ్ణి కాదు. ఇకమీదట నా తిట్లు నన్ను తిననీ.

ఇంకొకటి ఉంది, అది రాయడానికే ఇంత రాశాను. నీ పేరు బయటికి రాకూడదనే ఆ రోజు ఊరుకున్నానని నీకు రాశాను. నువ్వు నమ్మావు. నమ్మబట్టే తప్పంతా నెత్తిన వేసుకున్నావు. నీ పేరు నేను ఇంటికొచ్చాక, అన్నం ముందు కూర్చుని వెతుక్కున్న సాకు. ఆ గదిలో మామయ్య నావైపు చూసినప్పుడు నాకు నా ఉద్యోగమే గుర్తొచ్చింది. నువ్వు గుర్తుకే రాలేదక్కా.

నీ తమ్ముడు