పాదాల కింద వెలుతురు

చూలై నుంచి

పూజ్యులైన పెద్దమ్మగారికి నమస్కరించి,

జరిగినది ముందుగా వరుసలో మనవి చేస్తాను.

1. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని తాకనని మీకిచ్చిన మాట ప్రకారం, మొన్న అమావాస్యకే కోవళంలో నీళ్లలోకి దిగాను.

2. గాలికి ఎగిరే పెద్ద గాలిపటం నన్ను లాగుతుండగా, నీటిమీద జారే బోర్డు మీద నిలబడ్డాను. వెంటనే పడ్డాను. పొద్దంతా పడుతూనే ఉన్నాను.

3. సాయంత్రం, బోర్డు అడుగున కడ్డీకి బిగించిన రెక్క నన్ను నీటిపైకి లేపింది. బోర్డు కింద అలల చప్పుడు ఆగిపోయింది. నిద్రలో నడుస్తున్నట్టు, సముద్రం మీదే, సముద్రాన్ని తాకకుండా సాగిపోయాను.

నెలకు రెండు పర్వదినాలతో ఈ విద్య పట్టుబడదు. నేర్చుకున్నది ఒళ్లు మరిచిపోతోంది. పాదం నీటిని తాకనప్పుడు మామూలు రోజుల్లోనూ దోషం లేదని మీతో వాదించాలనుకున్నాను. ఆ మాట విని నా ఇల్లాలు, మీ కోడలు కన్యక నవ్వింది.

"ఎగిరేది క్షణం, మునిగేది పొద్దంతా. అత్తమ్మను ఏమార్చేదానికి చూడబాకండి."

ఆమె మాట నిజం కనుక వాదించను. వచ్చే పౌర్ణమికి మీరే వచ్చి ఒడ్డున కూర్చోండి. నేను పడేటప్పుడు చూడకపోయినా ఫరవాలేదు. బోర్డుకూ నీటికీ మధ్య కాసేపు వెలుతురు కనిపిస్తుంది. అది చూశాక మిగతా రోజుల సంగతి చెప్పండి. వద్దంటే మానుకుంటాను. చూడకుండా మాత్రం వద్దనకండి.

పౌర్ణమినాడు ఉదయం ఐదున్నర గంటలకు నీళ్లలోకి దిగుతాను.

విధేయుడు,
పబ్బిశెట్టి ధర్మలింగం