మనింటికి వేరే మడి

అన్నయ్యకు,

ఎదురుపడి అడిగితే నవ్వేసి పోతావని ఇన్నాళ్లకు కలం పట్టాను.

మొన్న జగ్గయ్యపేటలో నీ తోటకు వస్తే, స్ప్రేయర్‌లో వేపకషాయానికి బదులు పురుగుమందు వాసన కొట్టింది. అడిగితే ఏమన్నావు?

"పురుగులు నీ భజనకి పోతాయా చెల్లాయ్? మనింటికి వేరే మడి పెట్టాగా! నీ ఇంటికి పంపేవి అందులోవే."

నందిగామ గుళ్లో శనివారం అన్నదానానికి ఇన్నాళ్లూ నువ్వు విడిగా పంపే తోట వంకాయలే వండాను. మందు కొట్టనివన్న నీ మాట నమ్మి, దేవుడి ముందు అదే చెప్పి వడ్డించాను. కడుపుతో ఉన్న పొరుగింటి లహరి నా మాట నమ్మి మారు అడిగి వేయించుకుంది. ఆమెకు అవి పెట్టి, ఇంటికొచ్చి నేను మంచివి తిన్నాను. నాచేత ఆ పని చేయించావు.

ఈ శనివారం నువ్వే వచ్చి పంక్తిలో వాళ్లకు నిజం చెప్పు. అప్పటిదాకా నేను గరిటె పట్టను.

ఈ ఉత్తరం దాచుకో, ఎవరికీ చూపించకు. వాళ్లు నీ నోటే వినాలి.

నీ చెల్లెలు