పక్క ఓడలో పెద్దక్క

బ్రాటిస్లావా రేవు,
‘లెర్షె’ ఓడ నుంచి,
అక్టోబరు ఆఖరు వారం.

ప్రియమైన తమ్ముడు ఎగాన్‌కు,

చిన్నక్క గెర్లిండె ఆశీస్సులు. ఇక్కడ నేనూ పెద్దక్కా ఒకే గదిలో, ఒకే కిటికీ ముందు క్షేమంగా ఉన్నాం. గ్రాట్స్‌లో నువ్వూ మరదలు ట్రౌడే కూడా అలాగే ఉన్నారనీ, నీ మోకాలు ఇప్పుడు కాస్త మాట వింటోందనీ అనుకుంటున్నాను. ఫోను చెయ్యకుండా ఉత్తరమెందుకని అడగకు. ఫోనులో నీకు సగం వినపడదు, వినపడిన సగానికి అడ్డం వస్తావు. ఈసారి నేను చెప్పేది నువ్వు మొత్తం వినాలి.

వేసవిలో మా వంటింట్లో మనం పడ్డ గొడవ నాకింకా గుర్తుంది. పెద్దక్కను ఆ వృద్ధాశ్రమంలో చేర్చాల్సిందేనని నువ్వు, నా ప్రాణం ఉండగా కుదరదని నేను. అక్కను తీసుకుని డాన్యూబ్ మీద ఓడ ప్రయాణం చేసి వస్తాను, ఏ గొడవా లేకుండా తిరిగొస్తే ఆశ్రమం మాట మళ్లీ ఎత్తకూడదు అన్నాను. నువ్వు ఒప్పుకున్నావు. ఒప్పుకుంటూనే, అక్టోబరు నెలాఖరు దాకా అక్కడ గది పట్టి ఉంచుతారని గొణిగావు. ఈ ఉత్తరం కోసం నువ్వెందుకు ఎదురుచూస్తున్నావో నాకు తెలుసు. ముందు నీ ఉత్తరంలో మీరడిగిన ప్రశ్నలకు జవాబులు రాయనీ. వచ్చే వసంతంలో మీరిద్దరూ ఇదే ప్రయాణం చేద్దామనుకుంటున్నారు కదా.

కడుపులో తిప్పుతుందా అని ట్రౌడే అడిగింది. తిప్పదని చెప్పు. నదిలో అలలేం ఉంటాయి, బల్ల మీద గ్లాసులో నీళ్లు కూడా కదలవు. ఓడ నడుస్తోందో ఆగిందో తెలియాలంటే ఒడ్డున చెట్లను చూడాలి. పొగమంచు పడితే అదీ కుదరదు. మాకు పాసౌలో ఎక్కిన దగ్గర్నుంచీ పొగమంచే. ఫొటోల్లో చూసిన కోటలూ ద్రాక్షతోటలూ ఉన్నాయని గైడు చెబితే నమ్మడమే తప్ప మేం చూసింది తక్కువ. చెట్లన్నీ ఆకులు రాల్చుకుని నిలబడ్డాయి. అందుకే మీరు వసంతంలోనే రండి.

గది కింది అంతస్తులో తీసుకోకండి. నువ్వు చవకని అదే తీసుకుంటావు, అందుకే చెబుతున్నాను. అక్కడ కిటికీ నీటికి జానెడు పైన ఉంటుంది, తెరుచుకోదు. హంసలు వచ్చి మొహంలోకి చూస్తాయట. మాది మధ్య అంతస్తు, పెద్ద కిటికీ. పెద్దదైనా ఓడ నది లాకుల్లోకి దిగినప్పుడు దాని ముందు తడిసిన నల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు. చెయ్యి చాపితే నాచు అంటుకుంటుంది. రేవుల్లో అయితే ఇంకా విడ్డూరం. ఒడ్డున చోటు చాలదు కనక ఓడలను ఒకదాని పక్కన ఒకటి కట్టేస్తారు. బయటి ఓడవాళ్లు ఊళ్లోకి వెళ్లాలన్నా రావాలన్నా లోపలి ఓడ హాలులోంచి నడవాలి. ఒకరోజు పొద్దున్నే కర్టెన్ తీస్తే మూరెడు దూరంలో ఎవరో ముసలాయన పైజమాలో నిలబడి పళ్లు తోముకుంటున్నాడు. ఇద్దరం ఒకేసారి కర్టెన్లు మూసుకున్నాం.

నువ్వడిగిన బీరు భోజనంతో పాటు ఇస్తారు, మాట్లాడకుండా తాగు. తిండి అవసరానికి మించే పెడతారు. అందరూ మన వయసువాళ్లే. భోజనాల గంట మోగేసరికి మెట్ల దగ్గర చేతికర్రలన్నీ బారులు తీరతాయి. బల్ల దగ్గర మాటలన్నీ మోకాళ్ల గురించీ పోయిన మొగుళ్ల గురించీ. ఊళ్లలో గైడు నంబరు పలక పట్టుకుని ముందు నడుస్తుంది, ఆమె చెప్పేది మన చెవిలో పెట్టిన బుడిపెలోంచి వినిపిస్తుంది. నీకు దాంతో లాభమే. తక్కువ ఎత్తు వంతెనలు వచ్చినప్పుడు పైకప్పు మీదికి ఎవరినీ రానివ్వరు, కెప్టెన్ నిలబడే గది కూడా కిందికి కుంగిపోతుంది. అది చూసి పెద్దక్క చప్పట్లు కొట్టింది.

ఇంకొక్క సంగతి, ఇది జాగ్రత్తగా చదువు. హాల్లో కొక్కేలున్న బోర్డు ఉంటుంది, దాని మీద గది నంబర్లు వేసిన కార్డులు, మనిషికొకటి. ఓడ దిగేటప్పుడు మన కార్డు తీసుకుపోవాలి, తిరిగొచ్చాక మళ్లీ తగిలించాలి. బయల్దేరే ముందు వాళ్లు మనుషులను లెక్కపెట్టరు, బోర్డు చూస్తారు. కొక్కేలన్నీ నిండి ఉంటే అందరూ వచ్చినట్టే, తాళ్లు విప్పేస్తారు. ఎవరి కార్డు వాళ్లే తగిలించండని మొదటి రోజే చెప్పారు. చిన్నపిల్లలకు చెప్పినట్టు చెబుతున్నారని నవ్వుకున్నాను.

పెద్దక్క ఎలా ఉందో నిజం రాయమన్నావు. ఉత్తరం చివర అడిగి, కింద రెండు గీతలు కూడా గీశావు.

మొదటి రోజుల్లో నాకే ఆశ్చర్యం వేసింది. ఇంట్లో తన సంగతి నీకు తెలుసు. చీకటి పడితే చాలు, ఎప్పుడో పోయిన అమ్మ ఇంకా లాండ్రీ నుంచి రాలేదేమని ఏడుపు. నా చొక్కా చెయ్యి పట్టుకుని వదలదు. పొయ్యి దగ్గరికి రానివ్వను, కత్తెర దాచేశాను, వీధి తలుపుకు పైన ఇంకో గడియ పెట్టించాను. ఇక్కడ అలాంటిదేమీ లేదు. పై హాల్లో కిటికీ పక్కన ఒక కుర్చీ తనదని నిర్ణయించుకుంది. కాఫీ ముందు పెట్టుకుని, వచ్చే పోయే పడవలను చూస్తూ కూర్చుంటుంది. పందెం గెలిచానని నేను లోపల్లోపల పొంగిపోయాను. నీకు రాయబోయే ఉత్తరంలో వాక్యాలు కూడా సిద్ధం చేసుకున్నాను, కాస్త ఎత్తిపొడుపుగానే.

తర్వాత డుర్న్‌స్టయిన్ వచ్చింది. ఒడ్డుకు ‘ఆమ్సెల్’ అనే ఓడను కట్టారు, దాని పక్కన మాది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే అచ్చు. అదే తివాచీ, అవే మెట్లు, అదే కాఫీ యంత్రం. అది ఎగువకు పాసౌ పోతోంది, మాది దిగువకు వియన్నా. ఊరు చూసి తిరిగొస్తున్నాం. అక్క కార్డు పారేస్తుందని రెండు కార్డులూ నా సంచిలోనే పెట్టుకున్నాను. ఆమ్సెల్ హాలు దాటేటప్పుడు నా వెనకే ఉంది, అడుగుల చప్పుడు విన్నాను. మా ఓడలోకి వచ్చి రెండు కార్డులూ తగిలించాను. వెనక్కి తిరిగితే లేదు. తన కుర్చీలోకి వెళ్లిపోయి ఉంటుందనుకున్నాను. కాళ్లు పీకుతున్నాయి, గదికి పోయి చెప్పులు విప్పి నడుం వాల్చాను. ఎగాన్, నేను పైకి వెళ్లి చూడలేదు.

భోజనాల గంట మోగాక చూస్తే కుర్చీ ఖాళీ. ఓడ ఎప్పుడో కదిలిపోయింది. అక్క కనపడటం లేదని రిసెప్షన్‌లో చెబితే, అక్కడి అతను బోర్డు వైపు చూసి, అందరూ ఉన్నారండీ అన్నాడు. లేదని నేను, ఉన్నారని అతను. కార్డు నేనే తగిలించానని చెప్పేసరికి అతని మొహం మారింది. కెప్టెన్‌ను పిలిచారు. ప్రతి గదీ తలుపు కొట్టి చూశారు. నేను కిటికీలోంచి నీళ్ల వైపు చూడలేకపోయాను. మెట్ల మీద కూర్చుని, ఎప్పుడూ చర్చి మొహం చూడనిదాన్ని, నోటికొచ్చిన ప్రార్థనలన్నీ చదివాను.

చివరికి ఆమ్సెల్ నుంచి వైర్‌లెస్‌లో కబురొచ్చింది. అక్క ఆ ఓడలోనే ఆగిపోయింది. అదే మెట్లెక్కి, అదే హాల్లో, అదే కిటికీ పక్కన అదే కుర్చీలో కూర్చుంది. భోజనాల్లో ఒక మనిషి ఎక్కువైందని వాళ్లు అప్పటికే తల గోక్కుంటున్నారట. ఆ రాత్రికి అక్కడే ఖాళీగా ఉన్న గది ఇచ్చారు. మర్నాడు వాళ్ల ఓడలో గదులు సర్దే ఆవిడ, యార్మిలా అని స్లొవాక్ మనిషి, ఎగువన మెల్క్ రేవులో దిగి రైల్లో వియన్నాకు తీసుకొస్తానంది.

ఇక్కడి దాకా రాయకుండా దాచేద్దామనే అనుకున్నాను. మా ఓడవాళ్లు ఎవరికీ చెప్పరు, అక్కకు గుర్తుండదు. అంతా సుఖంగా జరిగిందని ఒక ఉత్తరం రాసి, కవరు కూడా అంటించాను. ఈ పొద్దున దాన్ని చింపేశాను. అక్క తప్పిపోయినందుకు కాదు, ఎగాన్. అక్క దొరికినప్పుడు జరిగినది నీకు చెప్పాలి.

వియన్నా రేవులో వాన తుంపర పడుతోంది. నేను గొడుగు పట్టుకుని ముందే వెళ్లి నిలబడ్డాను. వాళ్లిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వస్తున్నారు. అక్క జుట్టు ఎవరో చక్కగా దువ్వి పిన్ను పెట్టారు. ఏదో చెబుతూ నవ్వుతోంది. ఆ నవ్వు నేను చూసి ఎన్నాళ్లయిందో. నన్ను చూసింది. నవ్వు ఆగిపోయింది. యార్మిలా చేతిని ఇంకా గట్టిగా పట్టుకుని, నాకు వినిపించదనుకుందేమో, ఆమెతో అంది:

“ఇదిగో, ఆవిడ వచ్చేసింది.”

అక్కను గదిలో పడుకోబెట్టి వచ్చి, నిన్న ఏమైనా ఇబ్బంది పెట్టిందా అని యార్మిలాను అడిగాను. ఏమీ లేదండీ, హాయిగా తిన్నారు, పడుకున్నారు, రాత్రి ఒక్కసారి కూడా లేవలేదు అంది. అమ్మ కోసం ఏడవలేదా అంటే, లేదు, ఎందుకండీ అంది. నోటిదాకా వచ్చినదేదో ఆపుకుంటోంది. చెప్పమని నేనే బలవంతం చేశాను. ఎవరితో వచ్చారని అడిగితే అక్క ఇలా చెప్పిందట:

“ఒక్కదాన్నే వచ్చాను. మా ఇంట్లో ఒకావిడ ఉంది. అది ముట్టుకోకు, అటు వెళ్లకు అంటూనే ఉంటుంది. తలుపేసి ఉంచుతుంది. మంచిదేలే పాపం, కానీ నాకు ఆవిడంటే భయం. నేనిక్కడున్నానని చెప్పకండి.”

యార్మిలా నా భుజం మీద చెయ్యి వేసి, మా అమ్మా ఇంతేనండీ, మనసులో పెట్టుకోకండి అంది. పెట్టుకోకుండా ఎలా? అమ్మ పొద్దస్తమానం లాండ్రీలో ఉంటే మనిద్దరికీ స్నానాలు చేయించి బడికి పంపిన మనిషి అక్క. నిద్ర మానుకుని కాపాడుతున్నాననుకున్నాను. ఊరంతా గెర్లిండె ఎంత చేస్తోందో అంటుంటే లోపల సంతోషించాను. అక్క రాత్రిపూట ఏడ్చేది అమ్మ రాలేదని అనుకున్నాను గాని, ఎదురుగా నేను ఉండటం వల్లేమోనని ఒక్కసారీ తోచలేదు. వేసవిలో నువ్వు అన్నావు, అక్క లేకపోతే ఉండలేనిది నేనేనని. ఆ మాటకు నిన్ను గుమ్మంలోంచి పొమ్మన్నాను. నువ్వన్నది నిజమే. ఆ ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని తినడం నాకు చేతకాదు. ఆ భయాన్ని ప్రేమ అని పిలుస్తూ వచ్చాను. ప్రేమ కూడా ఉంది, లేదనను.

పందెం నువ్వు గెలిచావు. ఉత్తరం అందగానే ఆశ్రమానికి ఫోను చేసి, గది తీసుకుంటున్నామని చెప్పు. అక్కడ పనిచేసేవాళ్లలో నెమ్మదిగా మాట్లాడేవాళ్లెవరో కనుక్కో. అక్కకు నేనే అన్నీ సర్ది పెడతాను. జుట్టు మాత్రం వాళ్లనే దువ్వమని చెబుతాను.

ఇప్పుడు నా పక్కనే పడుకుని ఉంది. నిద్రలో మొహం గోడ వైపు తిప్పుకుంది. రేపు బుడాపెస్ట్, ఆ తర్వాత రైల్లో ఇంటికి. అక్కను చేర్పించే రోజున నువ్వు రా. లోపలికి అక్క తనంతట తనే నడిచి వెళ్తుంది, అందులో నాకు అనుమానం లేదు. తిరిగి బయటికి వచ్చేటప్పుడు నాకు నీ చెయ్యి కావాలి.

ఇట్లు,
నీ చిన్నక్క
గెర్లిండె