మేడగదికి రెండో రౌటర్

2008 జులై 2
నెట్‌లో లెక్కల ట్యూషన్... కంపెనీవాళ్లు ట్రయల్ క్లాసు ఇచ్చారు! పన్నెండో తేదీ, ఉదయం ఆరున్నర. విదేశంలో పిల్ల, భిన్నాలు. పెళ్లితో బడి ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్లు. కాలు నేల మీద నిలవడం లేదు.
చిక్కల్లా ఒకటే — రౌటర్ మా పడగ్గదిలో. ప్లాంటులో రాత్రంతా సీ షిఫ్టు చేసి పొద్దున్నే వచ్చి ఆయన పడుకునేదీ అక్కడే. పక్కన కూర్చుని పాఠం చెబితే ఇంకేమైనా ఉందా. మేడగదికేమో సిగ్నల్ రాదు.

జులై 4
వన్ టౌన్ వెళ్లి రెండో రౌటర్, పొడుగాటి కేబుల్ తెచ్చాను. కిటికీలోంచి బయటికి, సన్‌షేడ్ మీదుగా పైకి. ఆయన నిచ్చెన పట్టుకున్నారు. "పడితే నాకు తెల్దు," అంటూనే.
కలిపాను. పైన రాలేదు సరికదా, కింద నెట్ కూడా ఆగింది. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె.

జులై 5
షాపతనికి ఫోన్. "రెండిటికీ ఒకే నంబరుంటాదమ్మా. ఒకదానికి మార్సాల." ఒకే వీధిలో రెండిళ్లకు ఒకే డోరు నంబరు అన్నమాట. మార్చాను. నంబర్లు పంచే పని కూడా మొదటిదానికే వదిలేసి, రెండోదానిలో ఆపేశాను.
వచ్చింది! మేడగదిలో! నేనే చేశాను, నేనే.

జులై 7
నిన్న రాత్రి నుంచి ఆయనకి సీ షిఫ్టు మొదలు. పొద్దున్నే పైన కూర్చుని పాఠం సాధన. ఏడు దాటగానే నెట్ పోయింది.

జులై 8
మళ్లీ ఏడింటికే. రెండోదాన్ని చెరిపి మొదటినుంచి పెట్టాను.

జులై 9
మళ్లీ... కేబుల్ కూడా మార్చాను. కింద మొదటిదాన్ని చూద్దామంటే ఆయన పడుకున్నారు. సీ షిఫ్టు మనిషి పడుకున్న గది తలుపు మా ఇళ్లలో ఎవరూ తీయరు. ఇంక మూడు రోజులే.

జులై 10
దొంగ దొరికాడు. ఆరున్నర నుంచీ కిందే కాపు కాశాను. ఆయన వచ్చారు, స్నానం చేశారు, పడుకోబోతూ రౌటర్ స్విచ్ కట్టేశారు.
"ఏటే అలా సూత్తన్నావ్? రాత్రల్లా ప్లాంటులో పేనెల్ మీద ఈ లైట్లే సూడాల. ఇంటికాడా ఇయ్యే మెరిస్తే నాకు నిద్దరట్టదు. ఎప్పుడూ కట్టేత్తాను కదా, లేసాక ఏత్తాను."
ఎప్పుడూనట. పొద్దున పూట నేనెన్నడు నెట్ చూశాను గనక!

జులై 12
క్లాసు అయింది. ఆరుముప్పావుకి గేటు చప్పుడు — నా గుండె ఆగింది. నెట్ ఆగలేదు. ఆ పిల్ల ముప్పావుని సగంతో భాగించి, ఒకటిన్నర ఎలా వచ్చిందని నవ్వింది.
దిగి వచ్చి చూస్తే, ఆయన వరండాలో చాప మీద. ఎండలో, మొహాన తువ్వాలు. స్విచ్ ముట్టుకోలేదు. ఏడుపొచ్చేసింది.

జులై 15
ఉద్యోగం వచ్చింది! రోజూ ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర. ఆ వేళలో నెట్ ఆగదని మాటివ్వాలట.
"ఇచ్చీయ్. వరండా లేదేటి?" అన్నారాయన.
ఇచ్చేశాను. సీ షిఫ్టు మూడు వారాలకోసారే కదా.

జులై 28
సీ షిఫ్టు. పైగా వాన, వరండా అంతా జల్లు. నిన్న సాయంత్రం రౌటర్ లైట్లన్నిటి మీదా నా నల్ల స్టిక్కర్ బొట్లు అంటించాను. పిల్లకి లెక్క ఇచ్చి ఇది రాస్తున్నాను.
గేటు... కింద ఆయన నవ్వు. "దీనికి బొట్టెట్టేవేటే." గది తలుపు మూశారు.
అయిదు నిమిషాలు. పది. నెట్ ఉంది.
నిద్ర పట్టిందో, నా కోసం కళ్లు తెరుచుకుని పడుకున్నారో.