కోడి పొదిగిన పిల్లలు

రఘునాథపల్లి,
డిసెంబరు 9

అన్నకు,

ఫోన్‌లో మాట్లాడితే గోడ అవతలికి వినిపిస్తుందని ఉత్తరం రాస్తున్నాను.

ఆగస్టులో మక్కచేనులో కలుపు తీస్తుంటే నాలుగు గుడ్లు కనిపించాయి. ఏ పిట్టవో తెలియదు. పాడవుతాయని మీ బావ తెచ్చి మా నల్లకోడి కింద పెట్టాడు. నేను క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను. ఇరవై ఒకటో రోజున ఏమీ రాలేదు. ఇరవై ఎనిమిదో రోజున మూడు పిల్లలొచ్చాయి. ఇప్పుడు వాటి తలల మీద కుచ్చులు లేచాయి. అవి నెమళ్లు.

మొన్న పక్కింటి సదానందం గోడ మీది నుంచి చూసి, "వదినా, మీ కోళ్లకు కిరీటాలు మొలిచినయేంది? ఫారెస్టోళ్లకు తెలిస్తే మా అన్నను తీస్కపోతరు" అని నవ్వాడు. అది పరాచికమో బెదిరింపో తెలియక అప్పటి నుంచి అన్నం సహించడం లేదు. నెమలిని ఇంట్లో పెంచితే జైలేనట కదా.

మీ బావకు చెబితే, "గంత ఫికరెందుకే, చేన్ల ఇడిసిపెడితె అయిపాయె" అన్నాడు. నిన్న విడిచి చూశాం. వీధికుక్క వస్తుంటే పారిపోలేదు సరికదా, దాని దగ్గరికే వెళ్లాయి. మా ఇంటి కుక్కతో కలిసి పెరిగినవాటికి భయమేం తెలుస్తుంది? పరుగెత్తి ఎత్తుకొచ్చాను.

నువ్వు ఉండే సుబేదారిలోనే అటవీశాఖ ఆఫీసు ఉంది కదా. అక్కడ చెప్పి, వచ్చి తీసుకుపొమ్మను. గుడ్లు ఎవరు తెచ్చారని అడిగితే నా పేరే చెప్పు. వాళ్లు వచ్చే రోజు ముందే తెలియజేస్తే, మీ బావను పొద్దున్నే ఏదో పని మీద వరంగల్ పంపిస్తాను.

నీ చెల్లెలు