భీమమ్మ చెవికి గుడ్డు పొర

నారాయణఖేడ్,
తారణ నామ సంవత్సరం, శ్రావణ బహుళ షష్ఠి, బుధవారం.

నా బంగారు ఇంద్రమ్మకు అమ్మ ఆశీస్సులు.

నీ కూతురి ఎడమ చెవి చీము పట్టి చిల్లు పడిందని పోయిన ఉత్తరంలో రాశాను. అది అబద్ధం. జ్యేష్ఠ శుద్ధ దశమి నాడు పదమూడో ఎక్కం మూడోసారి తప్పు చెప్పిందని కొట్టాను. దెబ్బ చెవి మీద పడి కర్ణభేరి చిరిగింది. ఏ రోజు ఏం జరిగిందీ తేదీ వేసి రాసుకునే నేను, ఆ రోజు పేజీ ఖాళీగా వదిలేశాను. చదువు చెబుతానని నీ పిల్లను నా దగ్గర ఉంచుకుని, ఎనిమిదేళ్లకే చెవిటిదాన్ని చేశానేమోనని రెండు నెలల పదకొండు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు.

గురువారాలు ఇక్కడికి వచ్చే డాక్టర్ అహరోనుకు చూపించాను. చిల్లు అంచులకు మందు తాకించి, పైన పలచని పొర అతికిస్తే దాని ఆసరాతో చర్మం అల్లుకుంటుందన్నాడు. "గుడ్డు పెంకు లోపటి పొరయితే మంచిగ అంటుకుంటదమ్మా" అన్నాడు. లింగం కట్టుకున్నవాళ్ల ఇంట్లోకి గుడ్డు రాదన్నాను. సిగరెట్ కాగితం తీస్తే, పొగ తాగేవాళ్లదని అదీ వద్దన్నాను. మఠం నుంచి తెచ్చిన విభూతి పొట్లం కాగితం ఉడకబెట్టి ఇచ్చాను. "మందంగ ఉన్నది" అంటూనే అతికించాడు. ఐదో రోజు ఊడింది. మళ్లీ అదే పెట్టించాను. నాలుగో రోజే ఊడింది. ఇంకా నా పంతమే గెలిస్తే పిల్ల చెవి ఓడిపోతుంది.

ఈ ఉదయం పక్కింటి సాలమ్మ గడపకు పోయి గుడ్డు అడిగాను.

"ఏందవ్వా, గుడ్డా? మీ ఇంట్ల ఎవరు తింటరు?"

"తిననీకి కాదే, చెవికి."

"గిన్నేండ్లకు మా ఇంటికొచ్చినవ్. నా కోడి గొప్పదే!" అని నవ్వింది.

నా కొంగులోనే కట్టుకుని తెచ్చాను. రేపే గురువారం. ఎంత తిట్టాలనిపిస్తే అంతా రాయి. భీమమ్మను మాత్రం ఇప్పుడే తీసుకుపోవద్దు.

నీ అమ్మ,
సంగమ్మ

నారాయణఖేడ్,
భాద్రపద బహుళ ద్వాదశి.

ఇంద్రమ్మా, నా తల్లీ,

నువ్వు రాసిన తిట్లన్నీ న్యాయమే. ఇప్పుడు ఇది చదువు. పొర నిలిచింది! చిల్లు పూర్తిగా మూసుకుందని అహరోను చూసి చెప్పాడు.

ఒకరి మాట మీద నమ్మేదాన్ని కాను గదా. కుడి చెవిలో దూది పెట్టి, పిల్లను అటు తిప్పి నిలబెట్టి, వెనక నుంచి గుసగుసగా ఒక మాట అంటాను. అది తిరిగి చెప్పాలి. ఆషాఢంలో రెండడుగులు దాటితే వినలేదు. ఇవాళ ఆరు వింది, తొమ్మిది వింది. పదకొండో అడుగున నా వీపుకు పెరటి గోడ తగిలింది. అక్కడ నిలబడి, పెదవి కదిలీ కదలకుండా, "నిన్ను కొట్టుడు నా తప్పే" అన్నాను.

"వినరాలే అవ్వా. జర గట్టిగ చెప్పు."

మళ్లీ చెప్పాను.

"ఊహూఁ. ఇంకా గట్టిగ."

అయితే చెవి ఇంకా బాగు కాలేదనుకున్నాను. పెరడంతా మోగేలా అరిచాను. గోడ అవతల నుంచి సాలమ్మ, "ఎవర్ని కొట్టినవ్ అవ్వా?" అని కేకేసింది. అప్పుడు తిరిగింది నీ కూతురు, నోరంతా పళ్లే!

"మొదటిసారే విన్న. ఎక్కం మూడుసార్లు తప్పయిందని కొట్టినవ్ గదా, గందుకే నీతోని మూడుసార్లు చెప్పిపిచ్చిన."

ఇంట్లో ఇంత గట్టిగా నేనెప్పుడు నవ్వానో నాకే గుర్తు లేదు. జ్యేష్ఠ శుద్ధ దశమి పేజీ ఇవాళ నింపాను. పదమూడో ఎక్కం దానికింకా రాదు. పదకొండు అడుగుల అవతల కూర్చుని మెల్లగా నేర్పుతాను.

నీ అమ్మ,
భీమమ్మకు లొంగిపోయిన సంగమ్మ